ఫుల్ ట్యాంకు కొట్టిస్తే ఎంత దూరం?

(విజయవాడ ఆటోనగర్‌లో కారు యజమానులు, ట్రావెల్స్ డ్రైవర్లు కలిసి పెట్టుకున్న ఆదివారం సమావేశంలో ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి రాతరూపం. సభలోంచి వచ్చిన ప్రశ్నలను అక్కడక్కడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఏసీ పనిచేయట్లేదని మనవాళ్లు ముందే చెప్పేశారు. మంచిదే, మైలేజ్ బాగా వస్తుంది.

ముప్పై ఏళ్లు పిల్లలకు ఇంజిన్ల పాఠం చెప్పాను. ఈ ముప్పై ఏళ్లలో పెళ్లి భోజనాల దగ్గర, రైల్లో, చివరికి ఆసుపత్రి క్యూలో కూడా నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "మాస్టారూ, ఆ కారు ఎంతిస్తుంది?" లీటరుకి ఎంతిస్తుంది అని. ఫుల్ కొట్టిస్తే ఎంత దూరం పోతుందని మాత్రం ఎవరూ అడగరు. అడగక్కర్లేదు, లీటరు లెక్కని ట్యాంకు లీటర్లతో గుణిస్తే వచ్చేస్తుంది కదా అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. శ్రీశైలం ఘాట్‌లో ఒక రాత్రి ఆ అభిప్రాయం మారింది. ఆ సంగతి తర్వాత చెప్తాను, మా ఆవిడ ఇక్కడ లేదు కాబట్టి ధైర్యంగానే చెప్తాను.

ముందు ఆ గుణకారం చేద్దాం. ఇక్కడ స్విఫ్ట్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. సగం హాలు ఉన్నారు. మీ ట్యాంకు 37 లీటర్లు. 2024లో వచ్చిన కొత్త మోడల్, మాన్యువల్ గేరుది, లీటరుకు 24.8 కిలోమీటర్లని కంపెనీ లెక్క. గుణించండి. 917 కిలోమీటర్లు పైచిలుకు. అంటే ఇక్కడ ఫుల్ కొట్టించి హైదరాబాద్ వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లి, అక్కడింకా ఊరంతా తిరగొచ్చు. మీలో ఎవరైనా అలా తిరిగారా? ...లేదు. ఎవరూ తిరగరు.

అలాగని కంపెనీ అబద్ధం చెప్పిందనుకోకండి. ఆ అంకె ఎలా పుట్టిందో చూడాలి. కారుని రోడ్డు మీద నడపరు. గదిలో రోలర్ల మీద ఎక్కించి, చక్రాలు అక్కడికక్కడే తిరుగుతుంటే, ముందే రాసిపెట్టిన వేగాల పట్టీ ప్రకారం నడుపుతారు. ఊళ్లో నడిపినట్టు 195 సెకన్ల ముక్క నాలుగుసార్లు, హైవే మీద నడిపినట్టు 400 సెకన్ల ముక్క ఒకసారి. మొత్తం 1,180 సెకన్లు, అంటే 20 నిమిషాలకు ఇంకో 20 సెకన్లు తక్కువ. అందులో వేగం గంటకు 90 దాటదు. ఏసీ వేయరు. బెంజి సర్కిల్ దగ్గర అడ్డంగా వచ్చే ఆటో ఆ గదిలో ఉండదు. మే నెల ఎండా ఉండదు. ఒక కారుని ఇంకో కారుతో పోల్చడానికి ఆ అంకె బ్రహ్మాండంగా పనికొస్తుంది. అన్నింటికీ ఒకే పరీక్ష కాబట్టి, దాంట్లో ఎక్కువొచ్చింది మామూలుగా బయటా ఎక్కువే ఇస్తుంది. ప్రయాణం ప్లాన్ చేసుకోవడానికి మాత్రం పనికిరాదు.

సరే, గుణకారంలో ఇంకో అంకె ఉంది కదా, 37. అదైనా నిజమేనా?

బంకులోకి వెళ్దాం. "ఫుల్ చెయ్యి బాబూ" అంటాం. కుర్రాడు జీరో చూపిస్తాడు, గన్ను పెడతాడు, కాసేపటికి అది టక్కుమని దానంతటదే ఆగిపోతుంది. ఎలా ఆగిందో ఎప్పుడైనా ఆలోచించారా? కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. ఈసారి ఆ గొట్టం చివర దగ్గరగా చూడండి, చిన్న రంధ్రం కనిపిస్తుంది. పెట్రోల్ పారేటప్పుడు ఆ ఊపుకి ఈ రంధ్రంలోంచి గాలి లోపలికి పీల్చుకుంటూ ఉంటుంది. ట్యాంకు గొంతులో పెట్రోల్ పైకొచ్చి ఆ రంధ్రాన్ని మూయగానే గాలి అందదు, లోపల ఒక పొర బిగుసుకుని లివర్‌ని వదిలేస్తుంది. అదే టక్కు. అంతే పని. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు స్ట్రా వేసిన కొబ్బరిబోండం తెప్పించేవాణ్ని. పాఠం అయ్యాక బోండం నాదే.

టక్కుమన్నాక కుర్రాడు ఏమంటాడు? "సార్, రౌండ్ ఫిగర్ చేయమంటారా?" మనం ఊ అంటాం. ఇంకో రెండుసార్లు నొక్కుతాడు. అక్కడే రెండు గొడవలు మొదలవుతాయి. ఒకటి, మన లెక్క. ఈసారి గొంతు దాకా పోయించి, వచ్చేసారి టక్కు దగ్గర ఆపేస్తే, మధ్యలో వచ్చిన మైలేజ్ అంకె తప్పు. రెండోది, కారు. ట్యాంకు పైన కొంత ఖాళీ కావాలనే వదులుతారు, ఆవిరి నిలవడానికి. ఆ ఆవిరిని పట్టుకోవడానికి బొగ్గు నింపిన ఒక డబ్బా ఉంటుంది. అది ఆవిరి పీల్చడానికే కానీ పెట్రోల్ తాగడానికి కాదు. గొంతు దాకా నింపితే అందులోకి పెట్రోల్ పోయి డబ్బా పాడవుతుంది. మా స్నేహితుడొకడు ప్రతిసారీ మూత దగ్గర వేలు పెట్టి తడి తగిలేదాకా పోయించేవాడు. వాడి కారు ఎప్పుడు ఎక్కినా పెట్రోల్ వాసనే.

పుస్తకంలో రాసిన లీటర్లకంటే ట్యాంకులో ఎక్కువ పడుతుందా? పడుతుంది. దీనికి మంచి సాక్ష్యం ప్రపంచ రికార్డుల్లోనే ఉంది. 2012 మే నెలలో అమెరికాలో జాన్, హెలెన్ టేలర్ అని ఒక భార్యాభర్తల జంట, వోక్స్‌వాగన్ పస్సాట్ డీజిల్ కారులో టెక్సాస్‌లోని హ్యూస్టన్ నుంచి బయలుదేరి వర్జీనియా రాష్ట్రం దాకా ఒక్క ట్యాంకుతో వెళ్లారు. 2,617 కిలోమీటర్లు. మనకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఇక్కణ్నుంచి ఢిల్లీ చేరి, తిరుగు ప్రయాణంలో భోపాల్ దాటేంత దూరం. మూడు రోజులు, పగటిపూటే, ట్రాఫిక్ ఉన్న మామూలు రోడ్ల మీద. ఆ కారు ట్యాంకు మన లెక్కలో 70 లీటర్లు. లీటరుకి వాళ్లకి వచ్చిన సగటు 35.7 కిలోమీటర్లు. ఇప్పుడు భాగించండి. 73 లీటర్లు వస్తుంది. ఆ మూడు లీటర్లు ఎక్కడివి? గొంతులోవి, పైన ఆవిరి కోసం వదిలే ఖాళీలోవి. 2025లో పోలండ్ ర్యాలీ డ్రైవర్ మికో మార్చిక్ స్కోడా సూపర్బ్ డీజిల్‌లో ఆ రికార్డుని 2,831 కిలోమీటర్లకు తీసుకెళ్లాడు. ఆ ట్యాంకు పుస్తకం ప్రకారం 66 లీటర్లు. ఆయన చెప్పిన వాడకంతో లెక్క కడితే 74 దగ్గరికి వస్తుంది. రికార్డు కోసం పడ్డ కష్టం అది. మనం శుభకార్యాలకు వెళ్లేవాళ్లం, మనకి టక్కు దగ్గర ఆపేయడమే మంచిది.

ఇక్కడ ఒకాయన వాట్సాప్ చూపిస్తున్నారు. తెలుసు, ప్రతి వేసవిలో వస్తుంది. "ఎండలకు ఫుల్ ట్యాంకు కొట్టించవద్దు, పేలిపోతుంది, ఇండియన్ ఆయిల్ హెచ్చరిక." ఆ హెచ్చరిక మాది కాదని ఇండియన్ ఆయిల్ వాళ్లే చెప్పారు. రెంటచింతల ఎండలో కూడా ఫుల్ కొట్టించుకోవచ్చు, అందుకే కదా పైన ఖాళీ వదిలింది. తెల్లవారుజామున కొట్టిస్తే పెట్రోల్ చిక్కగా ఉండి ఎక్కువొస్తుందనేది ఇంకోటి. పెట్రోల్ పది డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక శాతం వ్యాకోచిస్తుంది, ఆ మాట నిజమే. కానీ బంకు ట్యాంకు భూమిలోపల ఉంటుంది, పొద్దునకీ మధ్యాహ్నానికీ అక్కడ వేడిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. దానికోసం నాలుగింటికి లేవక్కర్లేదు.

సరే, ట్యాంకు పైభాగం అయింది. అసలు కథ అడుగున ఉంది.

మీలో యాభై దాటినవాళ్లకి బజాజ్ స్కూటర్ గుర్తుండాలి. సీటు కింద ఒక నాబ్. మామూలు, రిజర్వ్, ఆఫ్. బండి గుర్రుగుర్రుమని ఆగబోతుంటే నడుస్తుండగానే కిందికి చెయ్యి పెట్టి రిజర్వ్‌కి తిప్పేవాళ్లం. అదీ అయిపోతే దిగి, బండిని ఒక పక్కకి బాగా వాల్చి, మళ్లీ నిలబెట్టి కిక్ కొడితే ఒక కిలోమీటరు వచ్చేది. ఆ కిలోమీటరులో బంకు వచ్చేది. రాకపోతే తోయడమే. ఆ నాబ్‌లో ఒక నిజాయితీ ఉంది. రిజర్వ్‌కి తిప్పానంటే ఇంత మిగిలిందని నాకు తెలుసు.

కారుకి అలాంటి నాబ్ లేదు. ముల్లు ఉంది, పసుపుపచ్చ లైటు ఉంది, ఇప్పుడు కొత్తగా "ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోతుంది" అని చెప్పే అంకె ఉంది. ముల్లు సంగతి తీసుకుందాం. మన మేడ మీద నీళ్ల ట్యాంకులో బంతి ఉంటుంది చూడండి, నీళ్లు నిండితే పైకి లేచి పంపు కట్టేస్తుంది. కారు ట్యాంకులోనూ అలాంటి తేలే ముక్కే ఒకటి ఉంటుంది. అది ఎంత ఎత్తులో ఉందో అది చెప్తుంది. ఎన్ని లీటర్లున్నాయో కాదు. నీళ్ల ట్యాంకు గుండ్రంగా, నిలువుగా ఒకేలా ఉంటుంది. కారు ట్యాంకు అలా ఉండదు. వెనక సీటు కింద, పొగ గొట్టానికి దారి వదిలి, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడికి సాగదీసి చేస్తారు. పైగా అది ఫుల్‌గా ఉన్నప్పుడు తేలే ముక్క పైకప్పుకి తగులుతూ ఉంటుంది, కొన్ని లీటర్లు దిగేదాకా ముల్లు కదలదు. అందుకే ఫుల్ కొట్టించాక మొదటి వంద కిలోమీటర్లు అబ్బా ఏం మైలేజ్ అనిపిస్తుంది. సగం దాటాక జారుడుబల్ల ఎక్కినట్టు దిగుతుంది. కొన్ని కార్లలో ఈ వంపుల్ని కంప్యూటర్ సరిచేస్తుంది, కొన్నింట్లో అంతగా చేయదు.

ఇక కిలోమీటర్ల అంకె. చాలామంది దాన్ని జాతకంలా నమ్ముతారు. అది చేసేది చిన్న లెక్క. మిగిలిన లీటర్లు ఇన్ని, ఇప్పటిదాకా లీటరుకు ఇంత ఇచ్చింది, గుణించు. ముందున్న రోడ్డు దానికి తెలియదు. ఇప్పుడు శ్రీశైలం.

పదేళ్ల కిందట, కార్తీకమాసం. నేను, మా ఆవిడ, మా అత్తగారు, వెనక సీట్లో ఆవిడ పక్కన కొబ్బరికాయల సంచి. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ మీదుగా వెళ్తున్నాం. రోడ్డు ఖాళీగా ఉంది, నింపాదిగా వెళ్లాం, మైలేజ్ దివ్యంగా వస్తోంది. దోర్నాల చేరేసరికి చీకటి పడింది. అంకె 88 అంటోంది. శ్రీశైలం అక్కణ్నుంచి 50 చిల్లర. బంకులో వరస ఉంది. రాత్రి అడవి గేటు మూసేస్తారు, ఆలోపు దాటాలని టెన్షన్. "ఆగి కొట్టించుకోండి" అంది మా ఆవిడ. నేను అంకె చూపించాను. ఎంతైనా ఆటోమొబైల్ మాస్టారిని కదా.

ఘాట్ ఎక్కడం మొదలైంది. రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండో గేరు. పది కిలోమీటర్లు పోయేసరికి అంకె 61కి వచ్చింది. పది పోతే 78 ఉండాలి కదా, 27 తిన్నది. ఏసీ కట్టేశాను. అత్తగారు "ఏమయింది నాయనా" అన్నారు. అడవి గాలి బావుంటుందని అన్నాను. ఇంకాసేపటికి 40, ఆ తర్వాత అంకె పోయి మూడు గీతలొచ్చాయి. మూడు గీతలంటే కంప్యూటర్ చేతులెత్తేసిందని అర్థం. శిఖరం ఇంకా నాలుగైదు కిలోమీటర్లుందనగా, ఒక మలుపులో పైకి ఎక్కుతుంటే బండి రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది.

వెనకాలే వచ్చిన టెంపో ట్రావెలర్ ఆగింది. డ్రైవర్ దిగి టార్చి వేసి చూశాడు. మన గుంటూరు వైపు మనిషే. "పెట్రోలు అయిపోలేదు సార్, వెనక్కి పోయింది" అన్నాడు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, తర్వాత సిగ్గేసింది. బండి ముక్కు పైకి ఉంది. ట్యాంకు అడుగున మిగిలిన కాస్త పెట్రోలూ వెనక మూలకి చేరింది, పంపు దగ్గరికి రావట్లేదు. అతని బండిలోని నలుగురు దిగి కారుని పట్టుకున్నారు, ఒకతను చక్రం వెనక రాయి పట్టుకుని నడిచాడు, మెల్లగా ఇరవై అడుగులు వెనక్కి చదునుగా ఉన్న చోటికి దింపాం. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకు ఎంత రాయిలా బిగుసుకుంటుందో పాఠంలో వందసార్లు చెప్పాను, కాలికి తెలిసింది ఆ రోజే. చదునులో తాళం తిప్పాను. అందుకుంది. బజాజ్ స్కూటర్ని వాల్చి నిలబెట్టడం ఇదే కదా! శిఖరం దాకా బతికించుకుంటూ లాగాను. అక్కణ్నుంచి దిగుడే.

ఆ దిగుడులో నేను న్యూట్రల్ వేయలేదు. ఇది డ్రైవర్ సోదరులు గమనించాలి. దుర్గగుడి ఫ్లైఓవర్ దిగేటప్పుడు చాలామంది న్యూట్రల్ వేసి వదిలేస్తుంటారు, పెట్రోల్ మిగుల్తుందని. కార్బురేటర్ రోజుల్లో ఆ మాటకి కొంత అర్థముంది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, ఇంజిన్ని చక్రాలే తిప్పుతాయి, కంప్యూటర్ పెట్రోల్‌ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ వేస్తే ఇంజిన్ తనంతట తాను తిరగాలి కాబట్టి తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లోనే ఖర్చు. పైగా ఇంజిన్ పట్టు ఉండదు, భారమంతా బ్రేకు మీదే.

ఆ యాత్ర తర్వాత కొన్నాళ్లకు ట్యాంకులోని పంపు పోయింది. అదే కారణమని ఒట్టేసి చెప్పలేను కానీ, ఆ పంపు పెట్రోల్‌లో మునిగి ఉండి చల్లబడుతుంది. అడుగంటేదాకా నడపడం అలవాటు చేసుకుంటే అది వేడెక్కి త్వరగా పోతుంది. అందుకని నా లెక్కలో ట్యాంకులో చివరి ఐదు లీటర్లు లేవు. స్విఫ్ట్ ట్యాంకు నాకు 37 కాదు, 32. మిగతా ఐదూ పెట్రోల్ కాదు, ఇన్సూరెన్స్ అనుకుంటాను.

ఇప్పుడు లీటరుకి ఎంత అన్న దగ్గరికి వద్దాం. ఈ నోటుబుక్కులో ఎనిమిదేళ్ల లెక్క ఉంది. కొట్టించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు. హైదరాబాద్ ప్రయాణాలే ముప్పై దాకా ఉన్నాయి. ఇక్కణ్నుంచి హైదరాబాద్ సుమారు 275. గంటకు 80 మీద నిలకడగా వెళ్లిన రోజుల్లో లీటరుకి 22 వచ్చింది. మా అబ్బాయి నడిపితే, వాడు 110 తగ్గడు, 17. ఒకే కారు, అదే రోడ్డు, సూర్యాపేటలో అదే హోటల్లో టిఫిన్. అటు 12.5 లీటర్లు, ఇటు 16 పైన. లీటరు 110 రూపాయల లెక్కన నాలుగు వందలు తేడా. వాడు నాకంటే ముందు చేరింది ఎంత? టోల్ గేట్లు, ఊళ్లు అన్నీ పోను 35, 40 నిమిషాలు. వాడికి ఆ నిమిషాలు నాలుగొందలు చేస్తాయేమో, నేను వాదించను. కానీ ట్యాంకు లెక్కలో చూడండి. నా 32 లీటర్లతో నేను 700 పోతాను, వాడు 544 పోతాడు. హైదరాబాద్ వెళ్లి తిరిగి రావాలంటే 550. నేను ఇంటికొస్తాను. వాడు గొల్లపూడి దగ్గర బంకు వెతుక్కుంటాడు.

ఎందుకిలా? గాలి. ప్రకాశం బ్యారేజీ మీద ఆషాఢం గాలికి ఎదురు సైకిల్ తొక్కినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నెమ్మదిగా తొక్కితే ఫర్వాలేదు, కాస్త వేగం పెంచితే ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతున్నట్టుంటుంది. గాలి అడ్డు వేగం పెరిగినంతే పెరగదు, వేగం వర్గంతో, అంటే వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కన పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళ్తే వేగం పెరిగింది మూడో వంతుకి కాస్త ఎక్కువ. గాలి అడ్డు మాత్రం దాదాపు రెట్టింపు, లెక్క కడితే 1.89 రెట్లు. అందుకే నెత్తిన క్యారియర్ కట్టుకుని హైవే ఎక్కడం అంత నష్టం. నూజివీడు మామిడిపళ్ల బుట్టలు రెండు డిక్కీలో పెడితే పోయేది ఒక శాతమో, రెండో. అవే పైన కట్టి 100 మీద వెళ్తే పది శాతం దాటి పోతుంది. పళ్లు దించేసినా ఆ ఖాళీ క్యారియర్‌ని ఏడాది పొడుగునా మోసేవాళ్లున్నారు.

టైర్లలో గాలి గురించి అందరూ చెప్తారు, నేను రెండు ముక్కల్లో ముగిస్తాను. టైర్లో గాలి కొలిచే లెక్కలో ఒక పీఎస్‌ఐ తగ్గితే మైలేజ్ 0.2 శాతం పోతుంది, అంతే. పది తగ్గితే రెండు శాతం. దానికంటే టైరు పేలడం పెద్ద భయం, కొట్టించుకోండి. ఏసీ మాత్రం చిన్న విషయం కాదు. ఊళ్లో, వేసవిలో, పది శాతం పైనే లాగేస్తుంది. హైవే మీద అంత ఉండదు, కిటికీలు దించుకుని 90 మీద పోవడంకంటే అదే నయం. అన్నింటికంటే దుబారా, నిలబడి తాగడం. అయ్యగారు కొండ మీద అమ్మవారి దర్శనానికి వెళ్తారు, డ్రైవర్ కింద ఏసీ వేసుకుని గంటసేపు కూర్చుంటాడు. లీటరు దగ్గర్లో పోతుంది, కిలోమీటరు కూడా కదలకుండా. ఆ ఎండలో అతన్ని ఏసీ కట్టేయమనడానికి నాకు నోరు రాదు. చెట్టు కింద పెట్టుకోమని మాత్రం చెప్తాను, చెట్టు దొరికితే.

ఊళ్లో లెక్క మరీ ఘోరం. వన్‌టౌన్ నుంచి పటమట, మళ్లీ వెనక్కి, మధ్యలో పిల్లల స్కూలు. నా పుస్తకంలో 13, కొన్ని వారాలు 12. చల్లని ఇంజిన్‌తో రెండు కిలోమీటర్లు పోయి ఆపడం, మళ్లీ తీయడం, అదీ కారణం. ఇంజిన్ వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. 32 లీటర్లకి 13 చొప్పున 416. అదే కారు హైవే మీద 700. ఇప్పుడు చెప్పండి, ఈ కారు ఫుల్ ట్యాంకు ఎంత దూరం?

(సభలోంచి: మాస్టారూ, ఇథనాల్ కలిపిన దగ్గర్నుంచి మైలేజ్ పడిపోయింది. నిజమేనా?)

నిజమే, ఎంత అన్నదే ప్రశ్న. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌తో చూస్తే సుమారు మూడింట రెండు వంతులు. ఐదో వంతు ఇథనాల్ కలిపితే, ఇంజిన్ దానికి తగ్గట్టు ఏమీ సర్దుకోకపోతే, పోయేది ఆరు, ఏడు శాతం. 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా పాత తరహా కార్లకి ఆరేడు శాతమనే చెప్పింది. ఇరవై శాతానికి సరిచేసిన కొత్త కార్లకి ఒకటి, రెండు శాతమంది. 600 కిలోమీటర్లిచ్చే ట్యాంకుకి ఆరు శాతమంటే 36. అంటే ఇక్కణ్నుంచి గుంటూరంత దూరం తగ్గింది. మీ లెక్కలో అంతకంటే బాగా ఎక్కువ పోయిందంటే, ఇథనాల్‌ని తిట్టేముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. మొన్న ఒకాయన ఇథనాల్ అని వచ్చాడు, తీరా చూస్తే వెనక చక్రం బ్రేకు పట్టేసి ఉంది. చేత్తో ముట్టుకుంటే కాలింది.

(సభలోంచి: యానాంలో కొట్టించుకుంటే?)

ధర తక్కువ, పది రూపాయలకు పైగానే తేడా. కాకినాడ వైపు పనుండి వెళ్తే తప్పకుండా ఫుల్ చేయించుకోండి. దానికోసమే ఇక్కణ్నుంచి వెళ్తే వచ్చేసరికి ట్యాంకులో ఏం మిగుల్తుందో మీరే చూసుకోండి.

హైబ్రిడ్ల గురించి, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ ఉండే కార్ల గురించి, ఒక్క మాట. గ్రాండ్ విటారా హైబ్రిడ్ ట్యాంకు 45 లీటర్లు, పరీక్ష అంకె 27.97. గుణిస్తే 1,258. అందులో నాలుగోవంతు తీసేసినా తొమ్మిది వందలు దాటుతుంది. వాటి మజా ఏమిటంటే ఊళ్లోనే బాగా ఇస్తాయి, బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ కొంత నింపుకుంటుంది కాబట్టి. కరెంటు కార్లూ అంతే, హైవే మీద వేగంగా పోతేనే వాటికి కష్టం. సీఎన్జీ వాళ్లకి వేరే బాధ. సిలిండర్ మీద 200, 250 కిలోమీటర్లు, తర్వాత గ్యాస్ బంకు దగ్గర వరస. అయితే వాళ్లకి పక్కన పెట్రోల్ ట్యాంకు కూడా ఉంటుంది. అదీ నిజమైన రిజర్వ్. బజాజ్ నాబ్ మళ్లీ వచ్చింది.

మీ లెక్క మీరు తీసుకోవాలంటే పెద్ద పనేం లేదు. టక్కు దాకా కొట్టించండి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం 300 తిరిగాక, వీలైతే అదే బంకులో అదే మిషన్ దగ్గర, మళ్లీ టక్కు దాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్కసారి చూసి నమ్మొద్దు, ఐదారుసార్లు రాయండి. ఊరు వేరు, హైవే వేరు రాయండి. డబ్బులు రాయకండి, లీటర్లు రాయండి. ధర మారుతూ ఉంటుంది. "ఐదొందలకి కొట్టు" అనేవాళ్లకి మైలేజ్ ఎప్పటికీ తెలియదు.

(సభలోంచి: తిరుపతి ఒక్క ట్యాంకుతో వెళ్లి రావచ్చా?)

ఏం కారు? ...డిజైర్. ఎంతమంది? ...ఐదుగురు, సామాను. తిరుపతి ఇక్కణ్నుంచి నాలుగొందల పైమాటే. పోవడానికి ఢోకా లేదు, నెల్లూరు దాటాక కూడా సగం దగ్గర్లో ఉంటుంది. రావడం కుదరదు. ఎనిమిదొందలకి 32 లీటర్లంటే లీటరుకి 25 రావాలి. ఐదుగురితో, ఏసీతో, పైగా తిరుమల కొండ ఎక్కి, రాదు. ఘాట్ ఎక్కేముందు కిందే ఫుల్ చేయించుకోండి. వరస ఉన్నా సరే. మీ ఆవిడ చెప్తే మాత్రం అంకె చూపించకండి.

ఈ నోటుబుక్కు ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. కావలసినవాళ్లు చూసుకోండి, ఫోటోలు తీసుకోండి. ఎవరూ పట్టుకుపోకండి, వెనక పేజీల్లో మా ఇంటి పాల లెక్క ఉంది.